ఐర్లండ్ పల్లెలు చూడబోతే పేరు మీద పంచాయితీ

నిన్న రాత్రే హైదరాబాద్‌లో దిగాను. జెట్‌లాగ్‌తో నిద్ర పట్టడం లేదు, ఆ కారు అద్దె కౌంటర్ గుర్తొస్తే ఒళ్ళు మండుతోంది. అందుకని కూర్చుని రాసేస్తున్నా. ఇంజనీరింగ్‌లో కలిసి చదివిన ఆరుగురం ఐర్లండ్ పల్లెలు తిరిగొద్దామని వెళ్ళాం. ఇద్దరం హైదరాబాద్ నుంచి, ఇద్దరు లండన్ నుంచి, ఒకడు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి. ఆరోవాడు డబ్లిన్‌లోనే ఉద్యోగం చేస్తున్నాడు.

వీసా పెద్ద కష్టం కాలేదు. ఆన్‌లైన్ ఫారం, 60 యూరోల ఫీజు, కాగితాలు పట్టుకెళ్ళి ఇవ్వడం, అంతే. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి: ఐర్లండ్ షెంజెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) లేదు, బ్రిటన్‌లోనూ లేదు. మా ఫ్రాంక్‌ఫర్ట్ వాడి జర్మనీ పర్మిట్, లండన్ వాళ్ళ వర్క్ వీసా అక్కడ చెల్లవు. బ్రిటన్ విజిటర్ వీసా మీద కొందరిని రానిస్తారు గానీ ఉద్యోగ వీసా వాళ్ళకు ఆ సౌకర్యం లేదు. మావాళ్ళు ముందే చూసుకున్నారు కాబట్టి సరిపోయింది.

ఇక బండి సంగతి. ఆరుగురం, ఆరు సూట్‌కేసులు. తొమ్మిది సీట్ల వ్యాను తీసుకుని పడమటి తీరమంతా తిరగాలని ప్లాన్. నడిపేది నేను. ఎందుకంటే ఆరుగురిలో నేనొక్కణ్ణే దొరికాను. డబ్లిన్‌లో ఉన్నవాడు నడపకపోవడమేంటని మీకు అనిపించొచ్చు. అక్కడ మన లైసెన్స్‌ను వాళ్ళ లైసెన్స్‌గా మార్చివ్వరు. స్థిరపడినవాళ్ళు థియరీ పరీక్ష రాసి, లెర్నర్ పర్మిట్ తీసుకుని, 12 క్లాసులు పూర్తి చేసి, ఆపైన డ్రైవింగ్ టెస్టుకు కూర్చోవాలి. వాడు ఆ టెస్టు తేదీ కోసం ఎదురుచూస్తున్నాడు. లెర్నర్‌కు ఎవరూ కారు అద్దెకివ్వరు. లండన్ వాళ్ళలో ఒకడు బ్రిటన్‌లో ఆటోమేటిక్ కారు మీద టెస్టు పాసయ్యాడు, గేరు బండి ముట్టుకోకూడదు. టూరిస్టుగా వెళ్ళిన నాకు మాత్రం మన లైసెన్స్ చాలు. అయినా జాగ్రత్తగా ఆర్టీఏ ఆఫీసులో వెయ్యి రూపాయలు కట్టి ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తీసుకున్నా. మనలాగే వాళ్ళూ ఎడమ పక్కనే నడుపుతారు, కాబట్టి ఆ టెన్షన్ కూడా లేదు.

డబ్లిన్ ఎయిర్‌పోర్టులో కౌంటర్ దగ్గరికి ధీమాగా వెళ్ళాను. కంపెనీ పేరు రాయను, ఎందుకొచ్చిన గొడవ. డబ్బు మొత్తం హైదరాబాద్ నుంచే కట్టేశాను. కౌంటర్‌లో పాతికేళ్ళ కుర్రాడు. నవ్వుతూ పలకరించి పాస్‌పోర్టు, లైసెన్స్, క్రెడిట్ కార్డు అడిగాడు. మూడూ పక్కపక్కన పెట్టి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

పాస్‌పోర్టులో ఇంటిపేరు వేమూరి, పేరు నాగ సాయి కిరణ్. లైసెన్స్ మీద వి నాగ సాయి కిరణ్. క్రెడిట్ కార్డు మీద మా బ్యాంకు వాళ్ళు అచ్చేసింది సాయి కిరణ్ వి ఎన్. మన కంటికి ఇందులో తేడా ఏముంది? అతని కంటికి ముగ్గురు మనుషులు కనిపించారు. పైగా లైసెన్స్ ఫొటోలో నాకు ఒత్తుగా జుట్టుంది. ఇప్పుడు లేదు. అతను ఫొటో వైపు, నా నెత్తి వైపు మార్చి మార్చి చూస్తుంటే వెనకాల లైన్‌లో నిలబడ్డవాళ్ళు కూడా నా నెత్తి వైపే చూడటం మొదలుపెట్టారు.

"మా దగ్గర ఇంటిపేరు ముందు వస్తుంది, దాన్ని పొడి అక్షరంగా రాస్తారు" అని వివరించాను. అతను శ్రద్ధగా విని, "అయితే కార్డు మీద వి చివర ఎందుకుంది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మా బ్యాంకు బ్రాంచి వాళ్ళే చెప్పాలి. ఇంటర్నేషనల్ పర్మిట్ తీసిచ్చాను. ఆర్టీఏ వాళ్ళు లైసెన్స్‌లో ఉన్న పేరే అందులోకీ ఎక్కించారు కాబట్టి అదీ పనికిరాలేదు. ఆధార్ తీశాను. మర్యాదగా అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చాడు. ఫోన్‌లో పాన్ కార్డు చూపించాను. మేనేజర్‌ను పిలిచాడు.

ఆవిడ వచ్చి అదే కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుంది. వెనకాల మావాళ్ళు ఊరుకుంటారా? "బావా, టెన్త్ మెమో ఉందేమో చూడరా" అంటాడొకడు. "మామా, కొంచెం గట్టిగా మాట్లాడు, వింటారు" అంటాడింకొకడు. లండన్ వాడు తన కార్డు తీసి ఇవ్వబోయాడు. డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డే కావాలట. నా ఫారెక్స్ కార్డు ఇచ్చాను, ప్రీపెయిడ్ కార్డు మీద డిపాజిట్ బ్లాక్ చేయరట. పోనీ ఏదో కార్డు ఒప్పుకున్నా, రెండు వేల యూరోల పైచిలుకు బ్లాక్ చేస్తామన్నారు. నేను ఆన్‌లైన్‌లో వేరే కంపెనీ దగ్గర కొనుక్కున్న ఇన్సూరెన్స్ కాగితం చూపిస్తే, అది బండికి దెబ్బ తగిలి మీరు మాకు డబ్బు కట్టాక, మీరూ వాళ్ళూ తేల్చుకోవాల్సిన వ్యవహారం, మాకు సంబంధం లేదన్నారు. వాళ్ళ ఇన్సూరెన్స్ కొంటే బ్లాక్ చేసే మొత్తం తగ్గుతుందట. దాని రోజువారీ ధర విని మా ఫ్రాంక్‌ఫర్ట్ వాడు అక్కడే కుర్చీలో కూలబడ్డాడు.

నిజంగా మనసు చివుక్కుమన్న క్షణం ఇంకొకటుంది. మేనేజర్ మూడు కాగితాలూ పట్టుకుని లోపలికెళ్ళి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతోంది. కౌంటర్ కుర్రాడు నన్ను పక్కకు జరిగి నిలబడమన్నాడు. ఏళ్ళ తరబడి కారు నడుపుతున్నాను, శ్రీశైలం ఘాట్ రోడ్డు రాత్రిపూట దిగినవాణ్ణి, ఒక్క చలాన్ లేదు. అలాంటివాణ్ణి దొంగ కాగితాలతో దొరికిపోయినట్టు చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడ్డాను. నా వెనక వచ్చిన వాళ్ళంతా తాళాలు తీసుకుని వెళ్ళిపోతున్నారు. గంట పైనే అయింది. చివరికి ఆవిడొచ్చి "సారీ మిస్టర్ కిరణ్, కుదరదు" అంది. డబ్బు వాపసు గురించి మెయిల్ పెట్టుకోమంది.

మనవాళ్ళను కూడా అనాలి. స్కూల్లో చేర్చేటప్పుడు హెడ్మాస్టరు ఏది రాస్తే అదే పేరు. టెన్త్ మెమోలో పొడి అక్షరం ఉంటే జన్మంతా పొడి అక్షరమే. పాస్‌పోర్టు వాళ్ళు ఇంటిపేరు విడిగా అడుగుతారు, బ్యాంకు వాళ్ళు గళ్ళు చాలక కత్తిరిస్తారు, ఆర్టీఏ వాళ్ళు బయట కూర్చున్న ఏజెంటు నింపిన ఫారంలో ఏముంటే అది ఎక్కిస్తారు. ఏ ఆఫీసుకూ పక్క ఆఫీసుతో పనిలేదు. ముగ్గురినీ ఒకే మనిషిగా నిరూపించుకోవాల్సిన ఖర్మ మనది. వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు లైసెన్స్, కార్డు, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఇన్సూరెన్స్, రూటు మ్యాప్ అన్నీ ఆ తర్వాత.

గండం గట్టెక్కించింది డబ్లిన్ వాడి భార్య. మేమంతా ఎయిర్‌పోర్టులో కొట్టుకుంటుంటే, ఫోన్‌లోనే "అన్నయ్యా, అక్కడి నుంచే పడమటి తీరంలోని గాల్వేకి నేరుగా బస్సులుంటాయి, ఎక్కేయండి, అక్కడి నుంచి రోజుకో టూర్ బస్సు పట్టుకోండి" అని చెప్పి మాట్లాడటానికి అవకాశం లేకుండా పెట్టేసింది. అలాగే చేశాం.

బస్సు డ్రైవరే గైడు కూడా. పెద్దాయన. నడుపుతూనే మైకులో మాట్లాడతాడు. ఆ రోడ్లు చూశాక కౌంటర్ మీద కోపం తగ్గలేదు గానీ, స్టీరింగ్ నా చేతిలో లేనందుకు కాస్త హాయిగానే అనిపించింది. కొన్నిచోట్ల రోడ్డు మధ్యలో గడ్డి మొలిచి ఉంటుంది, రెండు పక్కలా రాతి గోడలు, ఎదురుగా ట్రాక్టరు. అలాంటి చిన్న రోడ్ల మీద కూడా మొన్నటిదాకా 80 కిలోమీటర్ల వేగం అనుమతించేవారు, 2025 ఫిబ్రవరిలో 60కి తగ్గించారు. 80లో ఎలా వెళ్ళేవారో ఏమో!

మోహర్ కొండ అంచులు మొదట కనిపించలేదు. అంతా పొగమంచు. టికెట్ డబ్బులు వృథా అని మావాళ్ళు సణుగుతుండగా గాలి తిరిగింది. కింద సముద్రం, పైన నిట్టనిలువునా 214 మీటర్ల రాతి గోడ. అంచున ఓ బురుజుంది, 1835లో ఆ ఊరి భూస్వామి ఓబ్రయన్ చూడ్డానికొచ్చేవాళ్ళ కోసం కట్టించాడట. సెల్ఫీల కోసం కంచె దాటొద్దు, ఆ గాలి నిలబడనివ్వదు. బరెన్ ఇంకా వింత: కనుచూపు మేర బూడిద రంగు సున్నపురాయి, పగుళ్ళలో పూలు. పౌల్‌నబ్రోన్ అనేచోట ఐదు వేల ఏళ్ళకు పైబడిన సమాధి, నిలువు రాళ్ళ మీద ఒక బల్లరాయి.

కానెమారా వెళ్ళినరోజు పెద్దాయన ఒక కొండవాలు దగ్గర బస్సు ఆపాడు. పచ్చగడ్డి కింద నిలువు చారలు కనిపించాయి. అవి 1845లో మొదలైన కరువుకు ముందు బంగాళాదుంపలు వేసిన గట్లట. తెగులొచ్చి పంట కుళ్ళిపోయింది, ఏడేళ్ళలో పది లక్షల మంది చనిపోయారు, అంతే మంది ఓడలెక్కి పోయారు. ఆ కరువులోనూ ఐర్లండ్ నుంచి ఓడల్లో ధాన్యం బయటికి వెళ్తూనే ఉంది. ద్వీపం మొత్తం జనాభా ఇప్పటికీ 1841 నాటి సంఖ్యను అందుకోలేదు. మాది గుంటూరు. 1832–33లో వచ్చిన కరువును ఇప్పటికీ డొక్కల కరువు అంటారు. అప్పుడు మమ్మల్ని ఏలినదీ ఇంగ్లీషు వాళ్ళే. పెద్దాయనకు ఆ సంగతి చెప్పాను. ఆయన మైకు ఆపేసి నాతో చాలాసేపు మాట్లాడాడు. కాలేజీ రోజుల్లో చరిత్ర ఎందుకురా అని నన్ను ఏడిపించినవాళ్ళంతా ఆ రోజు నోరు మూసుకుని విన్నారు.

కైల్‌మోర్ ఆబీ (క్రైస్తవ సన్యాసినుల మఠం) ఫొటోల్లో ఉన్నంత అందంగానే ఉంటుంది, తోట కూడా చూడండి. శాకాహారులకు చాలాచోట్ల కూరగాయల సూపు, బ్రౌన్ బ్రెడ్ దిక్కు, అవి మాత్రం బాగుంటాయి. గొడుగు దండగ, రెయిన్‌కోటు కొనుక్కోండి. బస్సు బయల్దేరే టైముకు రాకపోతే వదిలేసి పోతామంటారు, మాకు ముందురోజు నిజంగానే ఇద్దరిని వదిలేశారట.

అద్దె డబ్బు సంగతి ఇంకా తేలలేదు. కస్టమర్ సరైన పత్రాలు చూపలేదు కాబట్టి వాపసు ఉండదని కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టాను. వాళ్ళు నా గుర్తింపు పత్రం కాపీ అడిగారు, కార్డు మీదున్న పేరుతో.