ట్యూబు పూస్తున్న చర్మం నుంచి ముక్క తీయొద్దు

కావలి, కందుకూరు పల్లెల్లో మానని మచ్చ కనిపిస్తే ముందు తామరే అనుకుంటారు, మందుల షాపులో ట్యూబు తెచ్చి పూస్తారు. అందులో స్టెరాయిడ్ ఉంటే అసలు జబ్బు ముసుగేసుకుంటుంది. చర్మపు టీ-సెల్ లింఫోమా (చర్మంలో చేరే తెల్లరక్తకణాల క్యాన్సర్) అనుమానం ఉంటే ఆ పూత ఆపి, 2 నుంచి 4 వారాలు ఆగాకే బయాప్సీ (ముక్క తీసి పరీక్ష) చేయాలి. లేకపోతే రిపోర్టులో ఎగ్జిమా అని రావచ్చు.

ఈ లింఫోమాల్లో ఎక్కువగా కనిపించే మైకోసిస్ ఫంగాయిడిస్ సాధారణంగా ఎండ తగలని పిరుదులు, తొడల మీద మొదలవుతుంది. మన చామనఛాయ చర్మంలో తెల్లమచ్చలుగానూ వస్తుంది. ఈ తెల్లమచ్చల రకంలో తరచుగా సీడీ8 (కణాల రకాన్ని చెప్పే గుర్తు) ఉన్న కణాలే ఎక్కువ. స్పర్శ తగ్గిందేమో తప్పక చూడాలి, తగ్గితే కుష్ఠు వైపు ఆలోచించాలి.

అసలు చిక్కు బయాప్సీలో సీడీ30 అనే మరో గుర్తు పాజిటివ్ వచ్చినప్పుడు. లింఫోమటాయిడ్ పాపులోసిస్, అనాప్లాస్టిక్ లార్జ్ సెల్ లింఫోమా అనే రెండు చర్మ జబ్బులు మైక్రోస్కోపు కింద ఒకేలా ఉండొచ్చు. మొదటిదాంట్లో చిన్న పొక్కులు గుంపులుగా లేచి, కొన్ని వారాల్లో వాటంతటవే మాని, మళ్లీ వస్తాయి. రెండోది చాలావరకు ఒకటే పెద్ద గడ్డ, పుండు పడుతుంది. ముదిరిన మైకోసిస్‌లోనూ సీడీ30 రావచ్చు. అందుకే ముక్కతో ల్యాబుకి పంపే ఫారం మీద "గడ్డ" అని ఒక్క మాట రాసి పంపడం పేషెంటుకి అన్యాయం. ఎన్నాళ్లుగా ఉంది, తగ్గి మళ్లీ వచ్చిందా, పాత మచ్చలున్నాయా, ఇవన్నీ రాయాలి, ఫొటో జతచేయాలి.

చర్మం కింద గట్టి ముద్దలైతే పంచ్ (చిన్న గుండ్రటి ముక్క తీసే పద్ధతి) చాలదు, కొవ్వు దాకా లోతుగా కోసి తీయాలి. లింఫోమా కొవ్వుకే పరిమితమై, సీడీ8 పాజిటివ్, సీడీ56 (ఇంకో గుర్తు) నెగటివ్ అయితే అది టీ-కణాల్లో ఆల్ఫా-బీటా రకం, సాధారణంగా నెమ్మదైనది. గామా-డెల్టా రకం వేగంగా ముదురుతుంది. జ్వరంతో రక్తకణాలు పడిపోతుంటే, రోగనిరోధక కణాలు అదుపు తప్పి రక్తకణాలనే మింగుతున్నాయేమో తెలియడానికి ఫెరిటిన్ రక్తపరీక్ష వెంటనే చూడాలి.

ఒళ్లంతా ఎర్రబారితే సెజారీ (క్యాన్సర్ కణాలు రక్తంలోనూ ఉండే రకం) కోసం రక్తానికి ఫ్లో సైటోమెట్రీ (కణాల గుర్తులు చూసే పరీక్ష) చేయించాలి.