గండికోట ద్వారం దగ్గర బంగారు అక్షరాలు

పెన్నా లోయ అంచున నిలిచిన గండికోటను, కడపలోని మా ఇంటి కంప్యూటర్‌లో, దిమ్మెలతో కట్టడాలు కట్టే ఆట మైన్‌క్రాఫ్ట్‌లో, మోడ్‌లు (ఆటను మార్చే అదనపు చేర్పులు) చేర్చిన జావా ఎడిషన్‌లో, నేనూ మా మేనల్లుడూ వేసవి సెలవులంతా కూర్చుని కట్టాము. కోట ద్వారం దాటిన ప్రతి ఆటగాడికీ తెర నడుమ కోట పేరు బంగారు రంగులో కనిపించాలని వాడు పట్టుబట్టాడు.

ఇందుకు ఆటలోనే టైటిల్ అనే ఆదేశం ఉంది. ఎవరికి చూపాలో ముందు చెప్పి, ఆపై మీసాల బ్రాకెట్ల నడుమ అక్షరాలను, రంగును, అవి బొద్దుగా ఉండాలా వాలుగా ఉండాలా అన్నదాన్ని రాయాలి. ఒక్క కొటేషన్ గుర్తు జారిపోయినా ఆదేశం పనిచేయదు.

మమ్మల్ని ఒక సాయంత్రమంతా తిప్పలు పెట్టింది మాత్రం సబ్‌టైటిల్, అంటే పెద్ద శీర్షిక కింద వచ్చే చిన్న శీర్షిక. "పెన్నా తీరం" అని పంపితే తెర మీద ఏమీ రాలేదు. మళ్ళీ మళ్ళీ పంపాము. పెద్ద శీర్షిక వెలువడేదాకా చిన్న శీర్షిక కనబడదని, ముందుగా పంపినది దాని కోసం కాచుకుని ఉంటుందని చివరికి అర్థమైంది. ఆ తరువాత శీర్షికను పంపగానే రెండూ కలిసి మెరిశాయి, వాడు కుర్చీలోంచి లేచి గంతులేశాడు.

శీర్షిక కనిపించే వ్యవధిని టిక్‌లలో, అంటే ఆట కాలాన్ని లెక్కించే కొలతలో, చెప్పాలి. సెకనుకు 20 టిక్‌లు. మామూలుగా శీర్షిక 10 టిక్‌లలో తేలి, 70 టిక్‌లు నిలిచి, 20 టిక్‌లలో కరిగిపోతుంది. నిదానంగా చదివే పిల్లల కోసం నేను ఆ 70ని 100 చేశాను.