లాగితే బిగుస్తాది

మధ్యాహ్నం చేపల కోసం తమ్ముడితో కళింగపట్నం వెళ్ళాను. పడవలు ఇంకా ఒడ్డుకి రాలేదు. పాక నీడలో ఓ ముసలాయన వల బాగుచేసుకుంటుంటే ఆయన దగ్గరే కూర్చున్నాం.

ఎడమ చేతిలో వెదురు బద్ద, కుడి చేతిలో దారం చుట్టిన పుల్ల. దారాన్ని బద్ద మీదుగా తెచ్చి, పై వరస కన్నులో పుల్లని దూర్చి, వెనకనుంచి తిప్పి బిగిస్తాడు. ఒక ముడి, ఒక కన్ను. బద్ద ఎంత వెడల్పుంటే కన్ను అంత వస్తుంది, అందుకే చూసుకోకుండా అల్లినా కొలత తప్పదు. నూలు వలల రోజుల్లో ఒక ముడి వేస్తే నిలబడేదట. నైలాన్ జారిపోతుంది కాబట్టి ఇంకో మెలిక వెయ్యాలి అన్నాడు.

వలలో ఒక మూల పుల్లలూ నాచూ చేరి ఉండచుట్టుకుపోయింది. మావాడు ఉత్సాహంగా దాన్ని పట్టుకుని లాగబోయాడు.

"లాగకు బాబూ, లాగితే బిగుస్తాది. అటేపునుంచి వదులివ్వు" అన్నాడు ఆయన.

వదులిచ్చాడు. ముసలాయన గోటితో ఒక పోగు పైకి తీసి, దాని వెనకే ఇంకోటి తీసి, మాట్లాడుతూనే చిక్కంతా విప్పేశాడు. కత్తి పక్కనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

తన చిన్నప్పుడు తెప్పలేనట. మేకు అనేది లేకుండా దుంగల్ని పక్కపక్కన పేర్చి తాళ్ళతో కట్టేవారు. వేటనుంచి రాగానే కట్లు విప్పేసి దుంగల్ని ఇసకలో ఆరబెట్టేవారు, తడిసిన చెక్క బరువెక్కుతుంది కదా. మళ్ళీ వేటకి వెళ్ళేముందు కట్టుకోవడమే. పెద్ద పడవలకి కూడా పలకల్ని కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు కుట్టు కాస్త సాగుతుంది, మేకు కొట్టిన పలకయితే చీలిపోతుంది. ఇప్పుడన్నీ ఫైబర్ బోట్లే.

నాకు మాత్రం ఆ తెప్ప కట్టు దగ్గరే మనసు ఆగిపోయింది. సముద్రం అంత లాగినా ఊడకూడదు, ఒడ్డున మనిషి వేళ్ళు పెడితే ఊడాలి. ఇంతకన్నా మంచి ముడి ఉంటుందా?

మా తాత పశువులకి వేసే ముడి కూడా ఇలాంటిదే. పలుపు ఆయనే పేనేవాడు. మా జిల్లాల్లో గోగునారకి కొదవేముంది, చెరువులో ఊరబెట్టిన గోగు కట్టల కంపు ఊరి బయటినుంచే తెలిసేది. రాటకి ఎప్పుడూ జారుముడే వేసేవాడు. ఆవు ఎంత గింజుకున్నా ఊడదు, కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజితే విడిపోతుంది. అర్ధరాత్రి శాలకి నిప్పంటుకుంటే ముడి విప్పుతూ కూర్చుంటామా అనేవాడు. ఎవరైనా పీటముడి వేస్తే ఆయనకి కోపం వచ్చేది. "కట్టినోడు ఒకడు, విప్పేటోడు ఒకడు. ఆడి కష్టం నీకు తెలీదా ఏటి?" అని.

పొందూరు నేతలో అయితే ముడి కనపడకూడదు. అక్కడ దూదిని వాలుగ చేప దవడతో ఏకి, రాట్నం మీద సన్నని నూలు వడుకుతారు. అంత సన్నని పోగుకి ముడి వేస్తే గుడ్డలో బుడిపెలా తేలుతుంది, మగ్గం అచ్చులో తట్టుకుంటుంది. పడుగు అయిపోయి కొత్తది కలపాల్సి వచ్చినప్పుడు వేళ్ళకి బూడిద అద్దుకుని, పాత కొసనీ కొత్త కొసనీ కలిపి పురి పెడతారు. ఒక్కో పోగూ అలా అతకాల్సిందే. చూస్తుంటే మనకే ఓపిక నశిస్తుంది, వాళ్ళకి నశించదు.

వచ్చే నెల మా పెదనాన్న కూతురి పెళ్ళి. శుభలేఖ పోస్టులో వచ్చింది. సొంత అన్న ఇంట్లో పెళ్ళికి పోస్టులో శుభలేఖ! 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు మా కొబ్బరిచెట్లూ జీడిచెట్లూ కూడా పోయాయి. ఎవరి వైపు ఎన్ని కూలాయి అనే లెక్క దగ్గర నాన్నకీ పెదనాన్నకీ మాటామాటా పెరిగింది. పెద్దమనుషులు కూర్చున్న ప్రతిసారీ కొందరు ఇటు లాగారు, కొందరు అటు లాగారు. ఆఖరికి అది పీటముడై కూర్చుంది. మంచి ఉద్దేశంతోనే లాగారు, కాదనను. కానీ ఒక్కరూ వదులివ్వమని చెప్పలేదు.

అమ్మ దేవుడి గదిలో పసుపుగుడ్డలో రూపాయి పెట్టి అరసవల్లి స్వామికి ముడుపు కట్టింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నాకు తెలుసు.

సాయంత్రం చేపలు అమ్మకి ఇచ్చి, డాబా మీదికి వెళ్ళి పెదనాన్నకి ఫోన్ చేశాను. రింగవుతున్నంతసేపూ టెన్షన్‌గానే ఉంది. చెట్ల మాట ఎత్తకూడదని ముందే అనుకున్నాను. "పెళ్ళి పనులకి మనుషులు సరిపోతున్నారా పెదనాన్నా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వంటకి మనుషులున్నారు గానీ పూలు కట్టేవాళ్ళు దొరకటం లేదే. మీ అమ్మ కట్టినట్టు ఎవులు కడతారు?" అన్నాడు.

"అమ్మా నేనూ రెండ్రోజుల ముందే వస్తాం."

"రండి" అన్నాడు. ఇంకేదో అనబోయి, పెదమ్మ పిలుస్తోందని పెట్టేశాడు.

కిందికొచ్చి అమ్మకి చెబుతుంటే నాన్న పేపర్ చదువుతూ విన్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. భోజనానికి లేస్తూ, "అరటినార ఇక్కడినుంచే పట్టుకెళ్ళండి. ముందురోజు రాత్రే నానబెట్టుకోవాలి, ఎండుది ముడేస్తే తెగిపోద్ది" అన్నాడు.

రేపు నార కోసం పెరట్లో అరటి డొప్పలు చీల్చాలి.