గుమ్మడి నర్సయ్య సైకిల్ సరే, సంఘం సంగతి?

ఇల్లందు మాజీ ఎమ్మెల్యే గుమ్మడి నర్సయ్య పేరెత్తితే చాలు, అందరూ సైకిల్ దగ్గర మొదలుపెట్టి సైకిల్ దగ్గరే ఆపేస్తారు. ఐదుసార్లు ఎమ్మెల్యే, ఇప్పటికీ సైకిలే, బస్సు ప్రయాణమే, సొంత పొలంలో పనే అని రాసి, దండం బొమ్మ తగిలించి ఫార్వర్డ్ చేసేస్తాం. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి ఇంటి దగ్గర లోపలికి పిలుపు రాక బయటే నిలబడ్డ వీడియో తిరిగినప్పుడూ అంతే, రెండ్రోజులు అయ్యో పాపం అనుకున్నాం. (తర్వాత ముఖ్యమంత్రి పిలిచి మాట్లాడారు లెండి.) ఆయన నిరాడంబరత మీద నాకూ గౌరవం ఉంది, కానీ సైకిల్ తొక్కుతున్నాడని ఎవరైనా ఐదుసార్లు ఓటేస్తారా?

ఒకసారి ఆయన గెలిచిన సంవత్సరాలు చూడండి. 1983, 1985, 1989, మళ్లీ 1999, 2004. మొదటి రెండూ ఎన్టీఆర్ గాలి మామూలుగా లేని ఎన్నికలు. ఆ గాలిలో ఇల్లందు ఎస్టీ సీటులో ఒక కోయ రైతు ఇండిపెండెంట్‌గా గెలిచాడు. ఇండిపెండెంట్ అన్నది ఎన్నికల సంఘం లెక్కల్లో మాత్రమే, ఊళ్లలో అందరికీ తెలుసు ఆయన ఎంఎల్ (మార్క్సిస్టు-లెనినిస్టు, అంటే నక్సలైట్) పార్టీ మనిషని, నక్సలైట్ నాయకుడు చండ్ర పుల్లారెడ్డి వర్గం వాడని, ఆ తర్వాత న్యూడెమోక్రసీ అనే ఎంఎల్ పార్టీ అని. పీపుల్స్‌వార్ లాంటి నక్సలైట్ గ్రూపులు ఎన్నికలు బహిష్కరించమంటుంటే వీళ్లు మాత్రం అడవిలో దళాలు ఉంచుకుంటూనే అసెంబ్లీకి మనిషిని పంపారు. రెండు పడవల మీద కాళ్లని ఎగతాళి చేసినవాళ్లు ఉన్నారు, ఆ విమర్శలో కొంత నిజం ఉందనే నేనూ అనుకుంటాను.

కానీ ఓట్లు వచ్చింది మాత్రం ఊళ్లలో ఆ పార్టీ కట్టిన పేదల సంఘం వల్లే. పోడు కొట్టుకున్న, అంటే అడవి నరికి సాగు చేసుకున్న భూమిలోకి ఫారెస్టోళ్లు వచ్చి పంట పీకేస్తే, కేసు పెడితే, వెంట నిలబడింది సంఘం. ఎండాకాలం వస్తే తునికాకు, అదే బీడీలు చుట్టే ఆకు. యాభై ఆకులు ఒక కట్ట, ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవిలోకి పోయి కోసుకొచ్చి కట్టాలి, కట్టకు ఎంతన్నది అప్పట్లో కాంట్రాక్టర్ ఇష్టం. ఆ రేటు పెంచమని కొట్లాడి పెంచుకున్న జనానికి, బ్యాలెట్ మీద గుర్తు ఏదైనా వెతుక్కుని ఓటెయ్యడం ఒక లెక్కా? గోదావరి లోయలో ఈ పోరాటాలు లేకపోతే నర్సయ్య మంచి మనిషిగానే ఊళ్లో మిగిలిపోయేవాడు.

ఓడలేదా అంటే ఓడారు. 1994లో సీపీఐ చేతిలో, 2009లో తెలుగుదేశం చేతిలో. 2009 తర్వాత మళ్లీ అసెంబ్లీ గడప తొక్కలేదు. 2013లో న్యూడెమోక్రసీయే రెండుగా చీలింది, పోడు సమస్య ఎక్కడికీ పోలేదు గానీ దాని కోసం వెంట నిలబడే బలం పలచబడింది. ఆ తర్వాత ఇదే ఇల్లందులో 2014లో గెలిచినవారూ, 2018లో గెలిచినవారూ ఇద్దరూ కాంగ్రెస్ గుర్తు మీదే గెలిచి టీఆర్ఎస్‌లోకి వెళ్లిపోయారు. 2014లో గెలిచి వెళ్లినాయన మళ్లీ కాంగ్రెస్‌కి తిరిగొచ్చి 2023లో 2018లో గెలిచినావిడ మీదే గెలిచారు. నర్సయ్యని గోడ దూకమని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదేమో, దూకితే ఊళ్లోకి వెళ్లి ముందు సంఘానికి జవాబు చెప్పుకోవాలి కదా.