నది దాటాక ఉన్న సమాధి

కిందటి అక్టోబరులో ఒక శనివారం మేము న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి బయల్దేరి, పెన్సిల్వేనియా కొండల మధ్య ఉన్న జిమ్ థోర్ప్ అనే చిన్న ఊరికి వెళ్ళాము. ఆకులు రంగు మారే రోజులు కావడంతో లీహై నది ఒడ్డున కారు నిలపడానికి చోటు దొరకడమే గగనమైంది. వచ్చినవారిలో ఎక్కువమంది పాత రైలెక్కి లోయ అందాలు చూసేందుకు వచ్చినవారే. బడిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే మా అబ్బాయి మాత్రం ముందు ఆ ఊరికి పేరిచ్చిన క్రీడాకారుడు జిమ్ థోర్ప్ సమాధి చూడాలని పట్టుబట్టాడు.

సమాధి ఊరి నడిబొడ్డున లేదు. నది దాటి తూర్పు వైపు గట్టెక్కితే, 903వ నంబరు రోడ్డు పక్కన చిన్న పచ్చికబయలులో ఎర్రరాతి పెట్టె ఒకటి కనిపిస్తుంది. పక్కలకు ఆటల బొమ్మలు చెక్కారు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో స్వీడన్ రాజు అన్నట్టుగా చెప్పుకొనే మాట, ప్రపంచంలోకెల్లా గొప్ప క్రీడాకారుడు మీరేనన్న మాట, దానిమీద ఉంది. ఆ ఒలింపిక్స్‌లో థోర్ప్ ఐదు అంశాల పెంటథ్లాన్, పది అంశాల డెకథ్లాన్ రెండూ గెలిచాడు. బూట్లు పోవడంతో జత కాని బూట్లతోనే పోటీ పడ్డాడట. అప్పటి ఫొటోను మా అబ్బాయి ఫోనులో పెద్దది చేసి చూపించాడు: రెండు కాళ్ళకూ రెండు రకాల బూట్లు, రెండు రకాల మేజోళ్ళు.

ఆయన ఓక్లహోమాలో సాక్ అండ్ ఫాక్స్ అనే ఆదివాసీ తెగలో పుట్టాడు. ఆదివాసీ పిల్లల జుట్టు కత్తిరించి, సొంత భాష మాన్పించిన కార్లైల్ బడిలోనే ఫుట్‌బాల్, పరుగు పందేలు, దూకే పందేలు అన్నింటిలోనూ పేరు తెచ్చుకున్నాడు. డబ్బుకు ఆడినవారికి ఒలింపిక్స్‌లో చోటు లేని రోజులవి. ఒలింపిక్స్‌కు ముందు 1909, 1910 వేసవుల్లో కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడాడన్న కారణంతో 1913లో పతకాలు లాక్కున్నారు. అప్పట్లో ఎందరో కాలేజీ కుర్రాళ్ళు మారుపేర్లతో ఇలాగే ఆడేవారు. ఈయన సొంత పేరుతో ఆడాడు, అదే ఆయన చేసిన తప్పు. 1982లో పతకాలు తిరిగి ఇవ్వాలని నిర్ణయించినా ఉమ్మడి విజేతగానే గుర్తించారు. ఏకైక విజేత అని ఒప్పుకోవడానికి 2022 దాకా పట్టింది.

కోచ్‌గా ఆయన గడిపిన రోజులే నన్ను ఎక్కువగా బాధపెట్టాయి. 1915లో ఇండియానా విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ కుర్రాళ్ళకు శిక్షణ ఇచ్చిన మనిషి, 1922, 1923లలో ఒహాయోలోని లారూ అనే పల్లెలో, ఎయిర్‌డేల్ జాతి కుక్కలు అమ్ముకునే ఒక వ్యాపారి పెట్టిన ఆదివాసీల జట్టుకు ఆటగాడూ కోచూ అయ్యాడు. విరామంలో ఊపిరి తీసుకోవలసిన ఆటగాళ్ళు కుక్కల విన్యాసాలతోపాటు తామూ నృత్యాలు చేసి జనాన్ని అలరించాలి. రెండేళ్ళలో ఆ జట్టు 20 ఆటలాడి 4 గెలిచింది. మనుషులను ఆడించింది కుక్కల బేరం కోసమైతే గెలుపు ఎవరికి కావాలి?

1953లో ఆయన కాలిఫోర్నియాలో పోయాడు. ఓక్లహోమాలో తెగవారు అంత్యక్రియలు జరుపుతుండగా, మూడో భార్య వచ్చి దేహాన్ని తీసుకెళ్ళిపోయింది. బొగ్గు వ్యాపారం చితికి, పర్యాటకులకోసం ఎదురుచూస్తున్న మాక్ చంక్, ఈస్ట్ మాక్ చంక్ అనే రెండు ఊళ్ళు 1954లో ఒక్కటై ఆయన పేరు పెట్టుకుని, ఆయనను ఇక్కడికి తెచ్చుకున్నాయి. దేహాన్ని ఓక్లహోమాకు తిరిగి ఇప్పించమని కొడుకులు వేసిన దావా 2015లో సుప్రీంకోర్టు విననన్నాక ముగిసిపోయింది. నాన్న అస్థికలు గోదావరిలో కలపడానికి నేను ఇక్కడినుంచి రాజమండ్రి దాకా వెళ్ళినవాణ్ణి. ఆ కొడుకుల పట్టుదల నాకు వింతగా అనిపించలేదు.

సమాధి కింద ఓక్లహోమా మట్టీ, స్టాక్‌హోమ్ స్టేడియం మట్టీ తెచ్చి పోశారని పలకమీద చదివి, ఏది ఎక్కడిదో ఎలా తెలుస్తుందని మా అబ్బాయి వంగి చూశాడు. అంతటా ఒకే గడ్డి మొలిచి ఉంది.