హాంకాంగ్ తుపాకీ సినిమాలంటే నాకెందుకిష్టం

తుపాకీ పోరాటాల సినిమాలను ఇష్టపడేవారికి ఒక ప్రశ్న తరచూ ఎదురవుతుంది. ఒక్క మనిషి రెండు చేతుల్లో రెండు పిస్తోళ్లు పట్టుకొని, గాలిలోకి దూకుతూ, ముప్పైమందిని నేలకూల్చడం ఎక్కడైనా జరుగుతుందా? జరగదు. ఆ సంగతి తెలియక ఎవరూ టికెట్టు కొనరు. కురుక్షేత్రం నాటకంలో కృష్ణుడు పద్యం అందుకొని చివరి అక్షరం మీద రాగాన్ని నిమిషాల తరబడి సాగదీస్తూ ఉంటే, ఎదుటివాడు అంతసేపు ఎందుకు ఊరుకున్నాడని మన పల్లెల్లో ఏ ప్రేక్షకుడూ అడగలేదు, అడగకపోగా ‘వన్స్ మోర్’ అని కేకలు వేశాడు. ఆవేశం మామూలు మాటలకు అందనంతగా పెరిగినప్పుడు కథ ఆగి రాగం మొదలవుతుందన్న ఒప్పందం నటుడికీ ప్రేక్షకుడికీ మధ్య ఉంది. 1980ల మధ్య నుంచి హాంకాంగ్‌లో దర్శకుడు జాన్ వూ తీసిన సినిమాల్లో తుపాకీ పోరాటం చేసే పని కూడా అదేనని నా నమ్మకం.

1986లో వచ్చిన ‘ఎ బెటర్ టుమారో’లో ఒక సన్నివేశం ఉంది. మార్క్ అనే గూండా మిత్రుడు జైలుపాలు కావడానికి కారణమైన ముఠా తైవాన్‌లోని ఒక రెస్టారెంటులో విందు చేసుకుంటూ ఉంటుంది. నటుడు చౌ యున్ ఫాట్ పోషించిన ఈ మార్క్ పొడవాటి కోటు వేసుకొని, ఒక యువతి చుట్టూ చెయ్యి వేసి, నవ్వుకుంటూ కారిడార్ వెంట నడుస్తాడు. నడుస్తూనే గోడవారగా ఉన్న పూలకుండీల్లో పిస్తోళ్లు జారవిడుస్తాడు. అవి ఎందుకో మనకు వెంటనే అర్థం కాదు. తలుపు తెరిచి రెండు చేతులతో కాల్చి, ఖాళీ అయిన తుపాకులను అక్కడే వదిలేసి వెనక్కి వస్తూ, వెంటపడినవారిని ఆపడానికి కుండీల్లోంచి ఒక్కొక్క పిస్తోలూ తీసుకుంటున్నప్పుడు గానీ ఆ నడక అంతా ముందే వేసుకున్న లెక్క అని తెలియదు. ఇంతవరకూ ఏ మాస్ సినిమాలోనైనా ఊహించగలిగిందే. అయితే చచ్చాడనుకున్న ఒకడు నేలమీద పడివుండి కాల్చిన తూటాలు మార్క్ కాలికి తగులుతాయి. మిత్రుడు శిక్ష ముగించుకొని వచ్చేసరికి, అంత ఠీవిగా నడిచిన ఆ మనిషి కాలికి పట్టీతో కుంటుతూ, ఒకప్పుడు తన చేతికింద పనిచేసినవాడి కారు అద్దాలు తుడుస్తూ, వాడు విసిరిన డబ్బు ఏరుకుంటూ, పార్కింగులో కూర్చొని డబ్బాలోని అన్నం తింటూ కనిపిస్తాడు. ఆ కోటునూ ఆ నల్లకళ్లద్దాలనూ చాలామంది అనుకరించారు గానీ, ఈ డబ్బా అన్నాన్ని అనుకరించినవారు తక్కువ. నా దృష్టిలో ఆ సినిమాకు ప్రాణం అక్కడే ఉంది. వూ తన హీరోను ఎంత ఎత్తున చూపించాడో అంత లోతుకు పడవేయగలిగాడు గనుకనే ఆ అతిశయోక్తికి బరువు వచ్చింది.

ఈ శైలి ఉన్నట్టుండి ఊడిపడలేదు. జాన్ వూ ఒకప్పుడు షా బ్రదర్స్ అనే హాంకాంగ్ చిత్రనిర్మాణ సంస్థలో చాంగ్ చెహ్ అనే దర్శకుడి దగ్గర సహాయకుడిగా పనిచేశాడు. స్నేహం కోసం, ఇచ్చిన మాట కోసం నెత్తురోడుతూ నిలబడి చచ్చే ఖడ్గవీరుల కథలకు చాంగ్ చెహ్ పెట్టింది పేరు. ఆ కత్తి స్థానంలో శిష్యుడు పిస్తోలు పెట్టాడు. గురువుగారి సినిమాల్లో ఖడ్గవీరుడిగా వెలిగిన టి లుంగ్‌నే ‘ఎ బెటర్ టుమారో’లో జైలుకు వెళ్లే మిత్రుడి పాత్రకు తీసుకున్నాడు. ఇక స్లో మోషన్ విషయానికి వస్తే, అమెరికన్ దర్శకుడు శామ్ పెకిన్‌పా ‘ది వైల్డ్ బంచ్’ (1969)లో ఒకే దృశ్యాన్ని వేర్వేరు వేగాల్లో నడిచే అనేక కెమెరాలతో తీసి, ఆ ముక్కలను ఒకదానిలో ఒకటి అల్లాడు. మామూలుగా సెకనుకు 24 ఫ్రేములు నడవవలసిన కెమెరా అంతకంటే వేగంగా నడిస్తే తెరమీద కదలిక నెమ్మదిస్తుంది. నెమ్మదిగా కూలుతున్న మనిషి పక్కనే మామూలు వేగంలో తుపాకీ పేలితే లయ పుడుతుంది. వూకు హాలీవుడ్ సంగీత నృత్య చిత్రాలంటే అమితమైన ఇష్టం. ఆ ఇష్టం ఈ కూర్పులో స్పష్టంగా వినిపిస్తుంది.

‘ది కిల్లర్’ (1989)లో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టంలో ఒక్క తూటా కూడా పేలదు. కిరాయి హంతకుడూ, అతణ్ణి పట్టుకోవడానికి వచ్చిన పోలీసూ ఒకరి ముఖానికి ఒకరు తుపాకీ గురిపెట్టి ఒక చిన్న ఇంట్లో గుండ్రంగా తిరుగుతూ ఉంటారు. ఆ ఇంటి యువతి గాయని, హంతకుడి పొరపాటు వల్లనే చూపు పోగొట్టుకుంది. ఆమె కంగారు పడకూడదని ఇద్దరూ చిన్ననాటి స్నేహితుల్లా ముద్దుపేర్లతో పలకరించుకుంటూ, ఆమె ఇచ్చే టీ కోసం తుపాకులు దించకుండానే చోటు మారుతూ ఉంటారు. నటనగా మొదలైన ఆ స్నేహం సినిమా ముగిసేలోగా నిజమవుతుంది. చివరి పోరాటం ఒక చర్చిలో జరుగుతుంది, కొవ్వొత్తుల మధ్య పావురాలు ఎగురుతాయి. వూ పేదరికంలో పెరిగిన క్రైస్తవుడు. 1953లో హాంకాంగ్‌లోని షెక్ కిప్ మేయ్ మురికివాడ అగ్నిప్రమాదంలో ఇల్లు కోల్పోయిన వేలాది కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. ఆ పిల్లవాడి చదువుకు చర్చి ద్వారా సాయం అందింది. ఇది తెలిశాక ఆ పావురాలను కేవలం అలంకారమని కొట్టిపారేయడం నాకు సాధ్యం కాలేదు.

‘హార్డ్ బాయిల్డ్’ (1992)లో ఆస్పత్రి పోరాటం రెండున్నర నిమిషాలకు పైగా కట్ లేకుండా సాగుతుంది. మధ్యలో ఇద్దరు కథానాయకులూ లిఫ్టు ఎక్కుతారు. తలుపులు మూసుకొని ఉన్న ఆ కొద్ది సెకన్లలో బయట చిత్రబృందం అదే అంతస్తును మరో అంతస్తులా మార్చివేసింది. లోపల జరిగేది అంతకంటే ముఖ్యం. తాను ఇప్పుడే కాల్చినది తోటి పోలీసునని గ్రహించిన పోలీసు పాత్రధారి టోనీ ల్యుంగ్ ముఖంలో నెత్తురు ఇంకిపోతుంది, తలుపులు తెరుచుకోగానే మళ్లీ కాల్చక తప్పదు.

‘ది మేట్రిక్స్’లో కియాను రీవ్స్‌కు డూప్‌గా పనిచేసిన చాడ్ స్టాహెల్‌స్కీ దర్శకుడై ‘జాన్ విక్’ సినిమాలను ఇటీవల మరో దారిలో నడిపాడు. అక్కడ కెమెరా దూరంగా నిలబడి నటుడి శరీరాన్ని పూర్తిగా చూపిస్తుంది, తూటాలు అయిపోతాయి, హీరో ఆగి మళ్లీ నింపుకుంటాడు. ఆ శిక్షణకు, ఆ శుభ్రతకు నేను నమస్కరిస్తాను. అయినా రెండు గంటలు చూశాక నా మనసులో నిలిచేది నైపుణ్యమే తప్ప మనుషులు కారు. మన తెలుగు సినిమాల్లో పెద్ద పెద్ద తుపాకులు వచ్చినప్పుడు కూడా నాకు ఇదే లోటు కనబడుతుంది. ఎన్ని వందల తూటాలు పేలాయన్న దానిమీద ఉన్న శ్రద్ధ, ఎవరి కోసం పేలాయన్న దానిమీద ఉండదు.

ఈ సినిమాలు ఎన్నడూ చూడనివారు ‘ఎ బెటర్ టుమారో’తో మొదలుపెట్టి, తర్వాత ‘ది కిల్లర్’ చూడాలని నా మనవి. ఇంగ్లీషు డబ్బింగులో కాకుండా హాంకాంగ్ భాష అయిన కాంటనీస్‌లోనే, సబ్‌టైటిళ్లతో చూడండి. డబ్బింగులో తుపాకుల మోత ఎక్కడికీ పోదు గానీ, ఆ ఇద్దరూ తుపాకులు గురిపెట్టుకొని ముద్దుపేర్లతో పిలుచుకునేటప్పుడు గొంతులో వచ్చే మార్పు పోతుంది.