కాలవకు దాని ప్రొఫైల్ దానికే

పోయిన నెలంతా అనంతపురం దగ్గర ఒక పల్లె రోడ్డు డిజైన్‌తో గడిచింది. రోడ్డు పని సులభంగానే అయింది. నన్ను కూర్చోబెట్టింది పక్కనున్న మట్టి కాలవ.

2+400 నుంచి 2+800 వరకు, అంటే రోడ్డు మొదలు నుంచి 2,400, 2,800 మీటర్ల మధ్య, రోడ్డు దాదాపు సమతలం, వాలు 0.1 శాతం. రోడ్లు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ సివిల్ త్రీడీలో మొదట అందరూ చేసేదే నేనూ చేశాను. అసెంబ్లీలో, అంటే రోడ్డు అడ్డుకోత నమూనాలో, 0.6 మీటర్ల లోతు కాలవ పెట్టి, దాన్ని రోడ్డు పొడవునా పరిచి కారిడార్ అనే త్రీడీ నమూనా కట్టాను. సెక్షన్లు, అంటే చోటుచోటుకూ తీసిన అడ్డుకోతలు, చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. కానీ లోతు అంతటా ఒకటే అయితే కాలవ అడుగు కూడా రోడ్డు లాగే 0.1 శాతం వాలుతోనే పోతుంది. మట్టి కాలవలో ఆ వాలుకు నీళ్లు సరిగా కదలవు. నిలిచి, రోడ్డు కింద మట్టిని నానబెడతాయి.

మా జిల్లాలో ఏడాది వాన 550 మి.మీ. దగ్గర. ఇంత తక్కువ వానకు కాలవ ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఆ కాస్త వానా ఒక్కోసారి ఒక్క రాత్రిలోనే కురుస్తుంది. 2022 అక్టోబర్‌లో నడిమివంక వాగు పొంగి అనంతపురం కాలనీలు మునగడం చూసినవాళ్లెవరూ ఆ ప్రశ్న వేయరు.

అందుకని కాలవ అడుగుకు విడిగా ప్రొఫైల్, అంటే పొడవునా ఎత్తుపల్లాలు చూపే గీత, గీశాను. అదే అలైన్‌మెంట్ (రోడ్డు దారి గీత) మీద, రోడ్డు ప్రొఫైల్ కిందనే, 0.3 శాతం వాలుతో. రెండు గీతల మధ్య దూరమే ఆ చోట లోతు. అసెంబ్లీలో లోతు కొలత తీసేసి, రోడ్డు అంచు నుంచి 'లింక్ స్లోప్ టు ఎలివేషన్' అనే ముక్క పెట్టాను. ఎంత కిందికి దిగాలో అది టార్గెట్‌గా ఇచ్చిన కాలవ ప్రొఫైల్‌ను చూసి తెలుసుకుంటుంది. తర్వాత 0.6 మీటర్ల వెడల్పు అడుగు, అక్కడి నుంచి నేలను తాకేదాకా అవతలి గట్టు. సెక్షన్ల దూరం 25 మీటర్ల నుంచి 5కి తగ్గించాను. లేకపోతే కాలవ వాలు మారే చోట్లు సెక్షన్ల మధ్య తప్పిపోతాయి.

అప్పుడు అసలు చిక్కు బయటపడింది. 400 మీటర్లలో రోడ్డు 0.4 మీటర్లు దిగితే కాలవ 1.2 దిగుతుంది. మొదట్లో లోతు 0.6 కాబట్టి చివర 1.4. గట్లు ఒక మీటరు దిగడానికి ఒకటిన్నర మీటరు పక్కకు పోయే వాలు కాబట్టి పైన వెడల్పు 4.8 మీటర్లు. మాకున్న స్థలం నాలుగే. మిగతాది శనక్కాయ చేను. లోతు మారితే వెడల్పూ మారుతుందని తెలియక కాదు, స్క్రీన్ మీద ఆ గీత చేలోకి పోవడం చూసేదాకా అదెంతో మనసుకు తట్టలేదు.

సైటుకు పోయాను. ఆ చేను పెద్దాయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. విషయం చెబితే లేచి రోడ్డు అంచుకు నడిచాడు.

"ఈడ పాత మోరీ ఉండె పాపా. పూడిపాయ. మా నాయన కాలంలో నీళ్లన్నీ దీంట్లోనే అవతలికి పోతాండె."

"అవతల యాడికి పోతాండె తాతా?"

"వంకలోకి. ఇంక యాడికి పోతాయి?"

ముళ్లకంప కింద నిజంగానే పైపు అంచు కనిపించింది. సరిగ్గా 2+600 దగ్గర. మా సర్వేలో అది లేదు. పూడిక తీయించి లెవెల్ పెడితే పైపు అడుగు రోడ్డుకు 1.2 మీటర్ల కింద ఉంది. ఆ పెద్దాయన నోటిమాటకు ఇప్పటికీ దండం పెడతాను.

కాలవను రెండు ముక్కలు చేశాను. రెండు ప్రొఫైళ్లు, కారిడార్‌లో రెండు రీజియన్లు (భాగాలు). మొదటి ముక్క మోరీలోకి, రెండోది మళ్లీ 0.6 లోతుతో మొదలై 2+800 దగ్గరి కల్వర్టులోకి. ఎక్కడా లోతు మీటరు దాటలేదు, వెడల్పు 3.6తో ఆగింది. డిజైన్ నేల నమూనా అయిన సర్ఫేస్ మీద, పడిన చుక్క ఎటు పారుతుందో చూపే 'వాటర్ డ్రాప్' కమాండ్‌తో పదిహేను చోట్ల నొక్కి చూశాను. ప్రతి చుక్కా మోరీకో, కల్వర్టుకో చేరింది.

ఇంకొక పని మిగిలింది. డ్రాయింగ్‌లో నమూనా సెక్షన్ ఒక్కటే ఇస్తే సైటులో జేసీబీ ఆ 0.6నే పట్టుకుని అంతటా తవ్వుకుంటూ పోతుంది. అందుకే ప్రతి 20 మీటర్లకు కాలవ అడుగు లెవెల్‌ను పట్టికగా వేసి, నమూనా సెక్షన్ మీద లోతు అంకె చెరిపేసి 'పట్టిక ప్రకారం' అని రాశాను. సోమవారం సూపర్‌వైజర్‌తో కలిసి మేకులు కొట్టడానికి పోతున్నాను. మోరీ దగ్గరి మేకు మాత్రం నేనే కొడతానని చెప్పాను.